ఎంఎక్స్‌లో దొరికిన పేరు అవుట్‌లుక్‌లో ఎందుకు పనిచేయదు? సొంత డొమైన్‌కి మెయిల్ సర్వర్ అడ్రస్ పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: రాణిగంజ్‌లో పంపులు, మోటార్ల షాపు మాది. సొంత డొమైన్ మీద నాలుగు మెయిల్ ఐడీలు ఉన్నాయి. వెబ్‌సైట్ చేసిపెట్టిన అబ్బాయి ఊరు మారాడు, ఫోన్ ఎత్తడం లేదు. పాత కంప్యూటర్ పక్కన పెట్టి కంప్యూటర్ల బజారు సీటీసీలో కొత్తది తీసుకున్నాం. అవుట్‌లుక్ పెడితే ఇన్‌కమింగ్ సర్వర్, అవుట్‌గోయింగ్ సర్వర్ అడుగుతోంది. నెట్‌లో చూసి మా డొమైన్ ఎంఎక్స్ రికార్డు కనుక్కుని రెండు చోట్లా అదే కొట్టాం. కనెక్ట్ కాలేదు. పాస్‌వర్డ్‌లు మాత్రం ఉన్నాయి. అసలు అడ్రస్ ఎక్కడ దొరుకుతుందండీ?

జవాబు:

పాస్‌వర్డ్‌లు చేతిలో ఉన్నాయంటే సగం పని అయినట్టే. ఎంఎక్స్ దాకా వెళ్లడం కూడా సరైన దారే. ఆ తర్వాతి అడుగు తప్పింది, అంతే.

ఎంఎక్స్ రికార్డు అవుట్‌లుక్ కోసం పెట్టింది కాదండీ. మీకు మెయిల్ పంపేవాళ్ల సర్వర్ "ఈ డొమైన్ ఉత్తరాలు ఎక్కడ దించాలి?" అని డీఎన్‌ఎస్‌ని, అంటే డొమైన్ల అడ్రసు పుస్తకాన్ని, అడిగితే వచ్చే జవాబు అది. రాణిగంజ్ లెక్కలో చెప్పాలంటే లారీ సరుకు దించే గోడౌను అడ్రసు. మీరు బిల్టీ చూపించి సరుకు విడిపించుకునే కౌంటరు వేరే ఉంటుంది. అవుట్‌లుక్ అడిగేది ఆ కౌంటరు అడ్రసు. గోడౌను 25వ పోర్టు (సర్వర్‌కి నంబరు వేసిన తలుపు అనుకోండి) మీద వింటుంది, మీ పాస్‌వర్డ్‌తో దానికి పని లేదు. కౌంటరు 993, 465, 587 పోర్టుల మీద వింటుంది, పాస్‌వర్డ్ లేనిదే పలకదు. చిన్న హోస్టింగ్‌లలో రెండూ ఒకే మెషీన్‌లో ఉంటాయి కాబట్టి ఎంఎక్స్ పేరు కొట్టినా ఒక్కోసారి నడిచిపోతుంది. చాలామందికి ఈ పొరపాటు అలవాటైంది అందుకే.

కాబట్టి ఎంఎక్స్‌ని ఒక్క విషయానికే వాడుకోవాలి: మీ మెయిల్ ఏ కంపెనీ దగ్గర ఉందో తెలుసుకోవడానికి. కంపెనీ తెలిస్తే వాళ్ల ఐమ్యాప్ (ఇన్‌కమింగ్), ఎస్‌ఎంటీపీ (అవుట్‌గోయింగ్) సర్వర్ల పేర్లు బహిరంగంగానే ఉంటాయి.

ఇక్కడ పేర్లన్నీ తెలుగులో పలికినట్టు రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, చుక్క ఉన్నచోట చుక్క పెట్టి కొట్టండి. కమాండ్లలో మాత్రం ఖాళీలు చూపినట్టే ఉంచండి. మీ డొమైన్‌ని ఉదాహరణకు "మీషాపు.ఇన్" అంటాను.

ముందు పాత కంప్యూటర్ సంగతి. దాన్ని ఎవరికీ ఇవ్వకండి, ఫార్మాట్ చేయించకండి. మీరు వెతికే అడ్రస్ అందులో ఉండనే ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో "మెయిల్" అనే ఐకాన్ తెరిచి, ఈమెయిల్ అకౌంట్స్‌లో మీ ఐడీని ఎంచుకుని "చేంజ్" నొక్కితే ఇన్‌కమింగ్, అవుట్‌గోయింగ్ రెండు పేర్లూ కనిపిస్తాయి. "మోర్ సెట్టింగ్స్" లోపల "అడ్వాన్స్‌డ్" ట్యాబ్‌లో పోర్టు నంబర్లు ఉంటాయి. ఆ రెండు తెరలనూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. షాపులో ఎవరి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనైనా జీమెయిల్ యాప్‌లో ఇదే ఐడీ పెట్టి ఉంటే, యాప్ సెట్టింగ్స్‌లో ఆ అకౌంట్ కింద "ఇన్‌కమింగ్ సెట్టింగ్స్", "అవుట్‌గోయింగ్ సెట్టింగ్స్" అని రెండు ఉంటాయి. అక్కడా దొరుకుతుంది.

అదే తెరలో అకౌంట్ టైప్ ఏముందో తప్పకుండా చూడండి. "పాప్3" అని ఉంటే కాస్త ఆగాలి. పాప్ పద్ధతిలో మెయిల్ సర్వర్ మీద నుంచి కంప్యూటర్‌లోకి దిగుతుంది. "లీవ్ ఎ కాపీ ఆన్ ది సర్వర్" టిక్ లేకపోతే సర్వర్‌లో ఏమీ మిగలదు. టిక్ ఉన్నా పక్కనే 14 రోజుల తర్వాత తీసేయమని ఉండొచ్చు. అంటే మీ పాత కొటేషన్లు, ఆర్డర్లు, జీఎస్టీ ఇన్వాయిస్‌లు ఆ హార్డ్ డిస్క్‌లో అవుట్‌లుక్ మెయిల్ దాచుకునే ఒక్క పీఎస్‌టీ ఫైల్‌లో మాత్రమే ఉంటాయి. కొత్త కంప్యూటర్‌లో ఎంత చక్కగా సర్వర్ అడ్రస్ కొట్టినా పాత మెయిల్ రాదు, అది సర్వర్ తప్పూ కాదు. పాత మెషీన్‌లో అవుట్‌లుక్ మూసేసి, డాక్యుమెంట్స్‌లో "అవుట్‌లుక్ ఫైల్స్" ఫోల్డర్‌లో ఉండే ఆ పీఎస్‌టీని పెన్‌డ్రైవ్‌కి ఎక్కించండి. కొత్తదాంట్లో "ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్" నుంచి తెరవండి. ఫైల్ 4 జీబీ దాటితే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ తీసుకోదు, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకున్నది వాడండి. కొత్త కంప్యూటర్‌లో మాత్రం మెయిల్‌ని సర్వర్‌లోనే ఉంచే ఐమ్యాప్ పెట్టుకోండి. నాలుగు ఐడీలు, రెండు మూడు ఫోన్లు ఉన్న షాపుకి పాప్ పనికిరాదు.

పాత కంప్యూటర్ ఆన్ కావడం లేదనుకుందాం. అప్పుడు ఎంఎక్స్ నుంచి వెళ్దాం. విండోస్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొట్టి, నల్ల తెరలో ఇది టైప్ చేయండి:

ఎన్‌ఎస్‌లుకప్ -టైప్=ఎంఎక్స్ మీషాపు.ఇన్ 8.8.8.8

చివరి 8.8.8.8 గూగుల్ పబ్లిక్ డీఎన్‌ఎస్. మీ రౌటర్‌లో పాత జవాబు నిల్వ ఉండిపోయినా, రౌటరే మొరాయించినా దీంతో తప్పించుకోవచ్చు. "నాన్-అథారిటేటివ్ ఆన్సర్" అని వస్తే కంగారు వద్దు, జవాబు నేరుగా మూల సర్వర్ నుంచి కాక మధ్యవర్తి నుంచి వచ్చిందని దాని అర్థం. మ్యాక్‌లో అయితే టెర్మినల్ తెరిచి "డిగ్ ఎంఎక్స్ మీషాపు.ఇన్ +షార్ట్" చాలు. ఫోన్ తప్ప ఏమీ లేకపోతే బ్రౌజర్‌లో డీఎన్‌ఎస్.గూగుల్ తెరిచి, డొమైన్ రాసి, రికార్డు రకం ఎంఎక్స్ అని ఎంచుకోండి. డొమైన్ మాత్రమే రాయాలి. ముందు మూడు డబ్ల్యూలు, మెయిల్ ఐడీ, @ గుర్తు పెట్టారంటే సరైన జవాబు రాకపోవచ్చు. తెలుగులో .భారత్ డొమైన్ తీసుకున్నవాళ్లు ఉంటే, ఈ నల్ల తెరలో తెలుగు అక్షరాలు నడవకపోవచ్చు. ఎక్స్ఎన్ అని మొదలై రెండు అడ్డగీతలు వచ్చే ఇంగ్లీషు రూపం వాడాలి.

జవాబులో పేరు పక్కన ఒక అంకె ఉంటుంది. చిన్న అంకె ఉన్న సర్వర్‌ని ముందు ప్రయత్నిస్తారు, అది పలక్కపోతే పెద్ద అంకె ఉన్నదానికి వెళ్తారు. మీకు ఆ అంకెతో అవసరం లేదు, పేరు చివర ఏముందో చూడండి.

చివర గూగుల్.కామ్ ఉంటే అది గూగుల్ వర్క్‌స్పేస్. పాత డొమైన్లకు పేరులో ఏఎస్‌పీఎంఎక్స్ ఉన్నవి ఐదు వరుసలు కనిపిస్తాయి. 2023 నుంచి కొత్తవాళ్లకు ఒక్కటే వరుస ఇస్తున్నారు: ఎస్‌ఎంటీపీ.గూగుల్.కామ్. దీన్ని చూసి మోసపోయేవాళ్లు ఎక్కువ. అవుట్‌గోయింగ్‌లో కొట్టాల్సింది ఎస్‌ఎంటీపీ.జీమెయిల్.కామ్, ఇన్‌కమింగ్‌లో ఐమ్యాప్.జీమెయిల్.కామ్. ఒక్క మాట తేడాతో ఒకటి గోడౌను, ఇంకోటి కౌంటరు.

గోడాడీ పాత మెయిల్‌లోనూ ఇదే తిరకాసు. ఎంఎక్స్‌లో ఎస్‌ఎంటీపీ.సెక్యూర్‌సర్వర్.నెట్ అని, దాని కింద మెయిల్‌స్టోర్1 అని కనిపిస్తాయి. అవుట్‌లుక్‌లో కొట్టాల్సినవి ఐమ్యాప్.సెక్యూర్‌సర్వర్.నెట్, ఎస్‌ఎంటీపీఅవుట్.సెక్యూర్‌సర్వర్.నెట్. ఆ "అవుట్" వదిలేస్తే మెయిల్ వెళ్లదు. గోడాడీ దగ్గర డొమైన్ కొన్నంత మాత్రాన మెయిల్ కూడా ఇలాగే ఉందనుకోకండి. వాళ్లు మైక్రోసాఫ్ట్ 365 కూడా అమ్ముతారు. బిల్లు ఎవరి పేరు మీద వస్తోందన్నది పట్టించుకోకండి, ఎంఎక్స్ చెప్పిందే లెక్క.

మైక్రోసాఫ్ట్ అయితే ఎంఎక్స్‌లో మీ డొమైన్ పేరే అడ్డగీతతో వచ్చి, చివర మెయిల్.ప్రొటెక్షన్.అవుట్‌లుక్.కామ్ అని ఉంటుంది. దీనికి ఐమ్యాప్ పేర్లు ఉన్నాయి: అవుట్‌లుక్.ఆఫీస్365.కామ్, ఎస్‌ఎంటీపీ.ఆఫీస్365.కామ్. కానీ అవుట్‌లుక్‌లో వాటిని చేత్తో కొట్టే పని పెట్టుకోవద్దు. అకౌంట్ రకం "మైక్రోసాఫ్ట్ 365" అని ఎంచుకుని ఐడీ ఇస్తే సర్వర్‌ని అదే వెతుక్కుంటుంది, పాస్‌వర్డ్ బ్రౌజర్ లాంటి కిటికీలో అడుగుతుంది. వట్టి పాస్‌వర్డ్‌తో ఐమ్యాప్, పాప్ లాగిన్‌ని 2022 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ ఆపేస్తూ వచ్చింది. సర్వర్ పేరు, పోర్టు, పాస్‌వర్డ్ అన్నీ సరిగ్గా ఉన్నా పాత తరహా లాగిన్ పదే పదే పాస్‌వర్డ్ అడగడానికి కారణం ఇదే.

జోహో మన చిన్న వ్యాపారాల్లో చాలా ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఎంఎక్స్‌లో ఎంఎక్స్.జోహో.ఇన్, ఎంఎక్స్2, ఎంఎక్స్3 అని మూడు వరుసలు ఉంటాయి, పక్కన అంకెలు మామూలుగా 10, 20, 50. చివర ఇన్ ఉందా కామ్ ఉందా అన్నది ముఖ్యం. ఇన్ అంటే మీ అకౌంట్ భారత్ డేటా సెంటర్‌లో ఉన్నట్టు, కామ్ అంటే అమెరికాలో. ఒకచోటి అకౌంట్‌కి ఇంకోచోటి సర్వర్ పేరు కొడితే సర్వర్ పలుకుతుంది, కానీ పాస్‌వర్డ్ తప్పంటుంది. రెండో మెలిక: సొంత డొమైన్ అకౌంట్లకు ఐమ్యాప్‌ప్రో.జోహో.ఇన్, ఎస్‌ఎంటీపీప్రో.జోహో.ఇన్ అని "ప్రో" చేర్చిన పేర్లు. ప్రో లేనివి వ్యక్తిగత ఐడీలకు. మూడోది, వెబ్‌లో జోహో మెయిల్ సెట్టింగ్స్‌కి వెళ్లి ఐమ్యాప్ యాక్సెస్ ఆన్ చేయాలి. ఉచిత ప్లాన్‌లో ఐమ్యాప్ ఉండదు, అక్కడ ఏ పేరు కొట్టినా లాభం లేదు.

హోస్టింగర్, టైటన్ సులువు. ఎంఎక్స్1.హోస్టింగర్.కామ్ కనిపిస్తే ఐమ్యాప్.హోస్టింగర్.కామ్, ఎస్‌ఎంటీపీ.హోస్టింగర్.కామ్. టైటన్‌కి చివర .ఈమెయిల్ ఉంటుంది: ఐమ్యాప్.టైటన్.ఈమెయిల్, ఎస్‌ఎంటీపీ.టైటన్.ఈమెయిల్. రెండిటికీ 993, 465.

ఇక అమీర్‌పేటలో చేయించిన చాలా వెబ్‌సైట్లకు ఎంఎక్స్‌లో కనిపించేది వాళ్ల సొంత పేరే: మీషాపు.ఇన్, లేదా మెయిల్.మీషాపు.ఇన్. అంటే మెయిల్ కూడా వెబ్‌సైట్ ఉన్న సర్వర్‌లోనే ఉంది, ఎక్కువగా సీప్యానెల్ (వెబ్‌సైట్, మెయిల్ నడిపే కంట్రోల్ ప్యానెల్) హోస్టింగ్. దీనికి అందరూ చూడని ఒక దగ్గరి దారి ఉంది. బ్రౌజర్‌లో మీషాపు.ఇన్/వెబ్‌మెయిల్ తెరవండి. 2096 పోర్టు మీద లాగిన్ పేజీ వస్తుంది. పూర్తి మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లండి. ముందుగా పాస్‌వర్డ్ సరైనదేనని ఖాయమవుతుంది, అది పెద్ద లాభం. తర్వాత అక్కడే "కాన్ఫిగర్ మెయిల్ క్లయింట్" అనే చోట మీ అకౌంట్‌కి సరిపడే సర్వర్ పేర్లు, పోర్టులు రాసి ఉంటాయి. హోస్టింగ్ పాస్‌వర్డ్ ఆ అబ్బాయి దగ్గరే ఉన్నా ఈ పేజీకి మీ మెయిల్ పాస్‌వర్డ్ చాలు. రెండు గడులు కనిపిస్తే "సెక్యూర్" అని ఉన్న గడిలోవి తీసుకోండి.

ఇక్కడ వచ్చే ఇబ్బందులు రెండు. మొదటిది, "టార్గెట్ ప్రిన్సిపల్ నేమ్ ఈజ్ ఇన్‌కరెక్ట్" అనే సర్టిఫికెట్ హెచ్చరిక. మీరు కొట్టిన పేరు ఒకటి, సర్వర్ చూపించిన సర్టిఫికెట్‌లోని పేరు ఇంకొకటి అని అర్థం. చాలామంది "ఎస్" నొక్కి వదిలేస్తారు, అది రోజూ మళ్లీ వస్తుంది. "వ్యూ సర్టిఫికెట్" నొక్కి "ఇష్యూడ్ టు" ఎదురుగా ఏ పేరుందో చూడండి. హోస్టింగ్ వాళ్ల అసలు సర్వర్ పేరు అదే. ఇన్‌కమింగ్, అవుట్‌గోయింగ్ రెండిట్లో ఆ పేరు పెట్టేస్తే హెచ్చరిక పోతుంది. ఒకవేళ మీ డొమైన్ పేరే ఉండి తేదీ దాటిపోయి ఉంటే, అది హోస్టింగ్ వాళ్లు సరిచేయాల్సింది.

రెండోది క్లౌడ్‌ఫ్లేర్, వెబ్‌సైట్‌కి ముందు నిలబడి ట్రాఫిక్ దాటించే సర్వీసు. వెబ్‌సైట్‌కి క్లౌడ్‌ఫ్లేర్ పెట్టినప్పుడు "మెయిల్" అనే రికార్డుకి కూడా నారింజ మేఘం ఆన్ చేసేస్తారు. ఆ మేఘం వెబ్‌సైట్ ట్రాఫిక్‌నే దాటిస్తుంది, 993ని గానీ 465ని గానీ దాటించదు. వెబ్‌సైట్ బ్రహ్మాండంగా తెరుచుకుంటుంది, మెయిల్ మాత్రం కనెక్ట్ కాదు. ఆ రికార్డుని బూడిద మేఘానికి, అంటే "డీఎన్‌ఎస్ ఓన్లీ"కి మార్చాలి. అది మీ చేతిలో లేకపోతే, వెబ్‌మెయిల్‌లో చూపించిన హోస్టింగ్ సర్వర్ పేరు నేరుగా కొట్టండి.

ఎంఎక్స్‌లో పీపీహోస్టెడ్.కామ్, మైమ్‌కాస్ట్.కామ్ లాంటివి కనిపిస్తే అది స్పామ్ వడకట్టే సర్వీసు. మెయిల్ దాని వెనక ఇంకెక్కడో ఉంటుంది. అప్పుడు -టైప్=టీఎక్స్‌టీ పెట్టి అదే కమాండ్ ఇచ్చి, వీ=ఎస్‌పీఎఫ్1 అని మొదలయ్యే వరుసలో ఎవరి పేరుందో చూడండి. ఈ ఎస్‌పీఎఫ్ వరుస మీ డొమైన్ తరఫున ఎవరెవరు మెయిల్ పంపొచ్చో చెప్తుంది కాబట్టి అసలు కంపెనీ అక్కడ బయటపడుతుంది. ఇద్దరు ముగ్గురి పేర్లు ఉండొచ్చు, ప్రచార మెయిళ్లు పంపే సర్వీసులూ అందులోనే ఉంటాయి.

ఎంఎక్స్ అసలే లేదనుకోండి. నియమం ప్రకారం మెయిల్ వెబ్‌సైట్ సర్వర్‌కే వెళ్తుంది, కాబట్టి పైన చెప్పిన వెబ్‌మెయిల్ దారి చూడండి. అంకె 0, పేరు స్థానంలో వట్టి చుక్క ఉంటే ఈ డొమైన్ మెయిల్ తీసుకోదని కావాలనే పెట్టారు. డొమైనే లేదన్నట్టు జవాబొస్తే ముందు డొమైన్ గడువు చూసుకోండి. రెన్యువల్ మెయిల్ ఆ అబ్బాయి ఐడీకి వెళ్లి ఉంటుంది.

చేతి పని వద్దనుకుంటే థండర్‌బర్డ్ దించుకోండి, ఉచితం. ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తే తన పట్టికలో వెతికి, డొమైన్ దొరక్కపోతే ఎంఎక్స్ చూసి కంపెనీని పట్టుకుని, సర్వర్ పేర్లు తెరమీద పెడుతుంది. మనం ఇప్పటిదాకా చేసిందే అదీ చేస్తుంది. అందులో వచ్చిన పేర్లే అవుట్‌లుక్‌లో కొట్టుకోవచ్చు. "సర్వర్ సెట్టింగ్స్ కనిపెడతాం, పాస్‌వర్డ్ ఇవ్వండి" అనే వెబ్‌సైట్లకు మాత్రం ఇవ్వకండి. డీఎన్‌ఎస్ వెతకడానికి ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు.

పోర్టులు: ఐమ్యాప్‌కి 993, ఎన్‌క్రిప్షన్ ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్. పంపడానికి 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్, 587 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్. ఈ జతలు తారుమారైతే అవుట్‌లుక్ చాలాసేపు తిరిగి టైమ్ అవుట్ అంటుంది, సర్వర్ పేరు తప్పనుకుని మళ్లీ మొదటికి వస్తారు. 25 పెట్టకండి. స్పామ్ భయంతో చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో అది మూసేసి ఉంటుంది. యూజర్‌నేమ్‌లో పూర్తి మెయిల్ ఐడీ ఉండాలి, @ ముందు ముక్క ఒక్కటీ సరిపోదు. "మై అవుట్‌గోయింగ్ సర్వర్ రిక్వైర్స్ ఆథెంటికేషన్" టిక్ పెట్టండి. అది లేకపోతే మెయిల్ వస్తుంది గానీ, బయటివాళ్లకు పంపితే "రిలే" అన్న మాటతో తిరిగొస్తుంది. ట్యాలీ నుంచి ఇన్వాయిస్‌లు మెయిల్ చేస్తున్నా, స్కానర్ నుంచి పంపుతున్నా అక్కడ కొట్టాల్సిందీ ఇదే ఎస్‌ఎంటీపీ పేరు.

పేరు సరైనదో కాదో అవుట్‌లుక్‌ని అడగకుండానే తేల్చుకోవచ్చు. పవర్‌షెల్ తెరిచి:

టెస్ట్-నెట్‌కనెక్షన్ మెయిల్.మీషాపు.ఇన్ -పోర్ట్ 993

చివరి వరుసలో "ట్రూ" వస్తే ఆ పేరూ ఉంది, తలుపూ తెరిచి ఉంది. పేరు దొరకలేదని వస్తే స్పెల్లింగ్ గానీ డీఎన్‌ఎస్ గానీ. "ఫాల్స్" వస్తే అదే పరీక్ష ఫోన్ హాట్‌స్పాట్ మీద చేయండి. అక్కడ ట్రూ వస్తే మీ షాపు నెట్ గానీ రౌటర్ గానీ అడ్డుపడుతోంది, లేదా మీరు పాస్‌వర్డ్ చాలాసార్లు తప్పు కొట్టి హోస్టింగ్ ఫైర్‌వాల్ మీ షాపు ఐపీని ఆపేసింది. రెండు చోట్లా ఫాల్స్ అయితే అది కౌంటరు పేరు కాదు, లేదా కంప్యూటర్‌లోని యాంటీవైరస్ అడ్డుపడుతోంది. ట్రూ వచ్చాక కూడా 535 అనే ఎర్రర్ వస్తే సర్వర్ అడ్రస్‌ని ఇక కదపకండి. సర్వర్ దొరికింది, మాట్లాడింది, పాస్‌వర్డ్ ఒప్పుకోలేదు. గూగుల్‌లో గానీ, రెండంచెల లాగిన్ పెట్టుకున్న జోహోలో గానీ మామూలు పాస్‌వర్డ్ ఇక్కడ చెల్లదు, యాప్ పాస్‌వర్డ్ తయారుచేసుకోవాలి. గూగుల్ ఇచ్చేది 16 అక్షరాలు, రెండంచెల లాగిన్ ఆన్ చేస్తేనే ఆ ఆప్షన్ కనిపిస్తుంది.

ఇన్ని చేసినా తేలకపోతే హోస్టింగ్ కంపెనీ సపోర్ట్‌కి రాయండి. కంపెనీ ఎవరో తెలియకపోతే -టైప్=ఎన్‌ఎస్ పెట్టి చూస్తే నేమ్ సర్వర్లలో చాలావరకు పేరు కనిపిస్తుంది. "మెయిల్ పనిచేయడం లేదు" అని రాస్తే రెండు రోజులు ఉత్తరాలే నడుస్తాయి. ఇలా అడగండి: "మా డొమైన్‌కి ఐమ్యాప్, ఎస్‌ఎంటీపీ సర్వర్ల పేర్లు, సర్టిఫికెట్‌లో ఉన్న పేరుతో సహా చెప్పండి. పోర్టులు, ఎన్‌క్రిప్షన్ రకం, యూజర్‌నేమ్ ఎలా ఉండాలో చెప్పండి. మా ఐపీ మీ ఫైర్‌వాల్‌లో బ్లాక్ అయిందేమో చూడండి." మీ ఐపీ, పవర్‌షెల్ ఫలితం ఫొటో, ప్రయత్నించిన సమయం జతచేయండి. డొమైన్ అకౌంట్ మీ పేరు మీద ఉందా, ఆ అబ్బాయి పేరు మీద ఉందా అన్నది కూడా అదే టికెట్‌లో అడగండి.